పాత అద్దాల బీరువా: మీ పుస్తకాలకు, మీ ఇంటికి ఏది సరిపోతుంది?

పాత బీరువా కొనడానికి వెళ్ళేవారిలో ఎక్కువమంది మొదట పై అంచు చెక్కడం చూస్తారు. తర్వాత పాలిష్ మీద చెయ్యి వేసి నిమురుతారు, ఆ తర్వాత ధర అడుగుతారు. ఇంట్లో ఉన్న పుస్తకాల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని సంచిలో వేసుకుని వెళ్ళేవారు నాకు చాలా అరుదుగా కనిపించారు. బీరువా ఎంత అందంగా ఉన్నా ఆ పుస్తకం నిలువుగా పట్టకపోతే, పట్టినా అర కుంగిపోతే, వానాకాలం తలుపు బిగుసుకుపోతే మనం ఆ బీరువా తెరవడం మానేస్తాం. తెరవని బీరువాలో పుస్తకాలు బూజు పడతాయి. కాబట్టి ఈ ఎంపిక పుస్తకాల దగ్గర మొదలై ఇంటి మీదుగా బీరువా దగ్గరికి రావాలి.

హనుమకొండ, వరంగల్ వైపు పుస్తకాలు పోగు చేసే అలవాటు పాతది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసిన మూడేళ్ళకే, 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన ఆ కాలంలో దాన్ని దాచుకోవడం కూడా ఒక బాధ్యత. పుస్తకం అందరికీ కనబడాలి, దుమ్ము మాత్రం పడకూడదు. అద్దాల తలుపు ఆ అవసరానికి సరిగ్గా సరిపోయింది. వకీళ్ళు, ఉపాధ్యాయులు, వైద్యులు వాడిన అలాంటి బీరువాలు పాత ఇళ్ళు కూల్చినప్పుడల్లా ఇప్పటికీ బయటికి వస్తున్నాయి. మా ఇంట్లో మూడున్నాయి. ఒకటి మా తాత వాడినది, రెండోది నేను తొందరపడి కొన్నది, మూడోది ఆ అనుభవంతో ఏడాది పాటు వెతికి తెచ్చుకున్నది.

ముందు ఇంట్లో తీసుకోవాల్సిన కొలతలు

మన పుస్తకాల్లో ఎక్కువ భాగం 1/8 డెమ్మీ సైజువి. అంటే ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు, వెడల్పు ఐదున్నర. వాటికి పది అంగుళాల ఎత్తు, తొమ్మిది అంగుళాల లోతు ఉన్న అర చాలు. పెద్ద నిఘంటువులు, 1/4 సైజు సంపుటాలు, బొమ్మల పుస్తకాలు ఉంటే ఒకటి రెండు అరలు పదమూడు అంగుళాల ఎత్తు ఉండాలి. లోతు మాత్రం పన్నెండు అంగుళాలు దాటకపోవడం మేలు. ఫైళ్ళ కోసం చేయించిన ఆఫీసు బీరువాలు పదిహేను, పద్దెనిమిది అంగుళాల లోతుంటాయి. ఎంతో పడుతుందని మురిసిపోయి కొంటాం. చివరికి పుస్తకాలు రెండు వరసలై, వెనక వరసలో ఏముందో మనకే గుర్తుండదు.

రెండోది అర పొడవు. మూడు అడుగుల అరలో లావుపాటి పుస్తకాలు నిండుగా పెడితే బరువు ముప్పై కిలోల దాకా వస్తుంది. అడుగుకు బరువు అంతే ఉన్నా, పొడవు రెండడుగుల నుంచి మూడడుగులకు పెరిగితే కుంగుడు దాదాపు ఐదు రెట్లవుతుంది. అదే చెక్క మందం ముప్పావు అంగుళం నుంచి అంగుళానికి పెరిగితే కుంగుడు సగానికన్నా తగ్గిపోతుంది. అంటే వెడల్పాటి బీరువా చూస్తున్నప్పుడు అర మందమే ముఖ్యం. అర కింద అంచుకు ఒక దారం లాగి పట్టుకుంటే, ఇప్పటికే ఎంత వంగిందో కంటికి తెలిసిపోతుంది. కొద్దిగా వంగిన అరను తిరగేసి పెట్టుకోవచ్చు. పగులు పట్టిన అరకు ఆ చికిత్స పనికిరాదు.

మూడోది దారి. ఏడడుగుల ఎత్తు, అడుగున్నర లోతు ఉన్న బీరువాను పడుకోబెట్టి తెచ్చి నిలబెట్టాలంటే పైకప్పు కనీసం ఏడడుగుల రెండంగుళాల ఎత్తులో ఉండాలి. గదిలో అది సమస్య కాకపోవచ్చు. మెట్ల మలుపు, లిఫ్టు, బాల్కనీ గుమ్మం దగ్గరే చిక్కు వస్తుంది. బీరువా చూడకముందే ఆ మూడు చోట్లా టేపు పెట్టి కొలిచి రాసుకోండి.

ఇక నీళ్ళు. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ వరంగల్, హనుమకొండ లోతట్టు కాలనీల్లో వరద నీళ్ళు చేరి ఏం జరిగిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. నయీంనగర్ నాలా పరిసరాల్లోనో, హంటర్ రోడ్డు పక్క కాలనీల్లోనో కింది అంతస్తులో ఉండేవారు కాళ్ళు లేకుండా నేలకు ఆనుకునే బీరువా జోలికి పోకండి. కింది అర నేలకు అడుగెత్తులో ఉంటే మంచిది. అది కుదరకపోతే కింది అరలో పుస్తకాలు పెట్టకుండా వదిలేయండి.

కర్ర సంగతి

మన దగ్గర దొరికే మంచి పాత బీరువాల్లో చాలా భాగం టేకువే. ఆదిలాబాద్, ములుగు అడవుల టేకుతో పాటు మహారాష్ట్రలోని బల్లార్షా వైపు నుంచి వచ్చే కర్రకు ఇక్కడ పేరుంది. కర్ర దుకాణాల్లో నేటికీ వినిపించే ‘సీపీ టేకు’ అన్న మాటలో సీపీ అంటే బ్రిటిషువారి కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్, అంటే నేటి మధ్యప్రదేశ్, విదర్భ ప్రాంతం. టేకుకు ఆ గౌరవం దాని చేవ వల్ల, అంటే మాను నడిమి ముదురు కర్ర వల్ల వచ్చింది. చేవలో ఉండే సహజమైన నూనె చెదలను దగ్గరికి రానివ్వదు. ఎండకూ తేమకూ కర్ర పెద్దగా మెలి తిరగదు. మే నెలలో నలభై నాలుగు డిగ్రీల పొడి ఎండ, ఆగస్టులో గోడలు చెమర్చే తేమ ఉండే మన ఊళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

అయితే టేకు అన్నంత మాత్రాన మొత్తం చేవ కాదు. చేవ చుట్టూ ఉండే తెల్లని భాగానికి ఆ రక్షణ లేదు. వడ్రంగి పొదుపు కోసం ఆ తెల్ల కర్రను లోపలి పట్టీలకో, వెనక పలకలకో వాడి ఉంటాడు. పాలిష్ కింద రెండూ ఒకే రంగులో కనబడతాయి. అందుకే సొరుగు పూర్తిగా బయటికి లాగి దాని అడుగు భాగం, బీరువా వెనక భాగం, కాళ్ళ లోపలి వైపు చూడాలి. పాలిష్ పడని చోట్లే కర్ర నిజం చెబుతుంది. టేకు తాకితే కొద్దిగా జిడ్డుగా ఉంటుంది. కనబడని మూల గోటితో గీరి వాసన చూస్తే కొత్త తోలు సంచి గుర్తుకొస్తుంది. వేప, తుమ్మ, మామిడి కర్రకు టేకు రంగు పట్టించి అమ్మేచోట ఈ పరీక్ష తప్పక పనికొస్తుంది.

జిట్రేగి (రోజ్‌వుడ్) బీరువాలు తక్కువగా కనిపిస్తాయి. నల్లని ఊదారంగు చారలతో, టేకుకన్నా చాలా బరువుగా ఉంటాయి. దొరికితే అదృష్టమే గానీ, మూడో అంతస్తుకు ఎక్కించాలంటే ఆలోచించాలి. నల్లమద్ది దూలాలకు గట్టిది, సన్నని తలుపు చట్రాలకు నమ్మదగినది కాదు.

పురుగు: ఇక్కడ ఆలస్యం చేయండి

నా రెండో బీరువా ఇంటికి వచ్చిన మూడో రోజు పొద్దున, ముందు కాలి పక్కన నేల మీద చిటికెడు శనగపిండి పోసినట్టు చిన్న కుప్ప కనబడింది. దులిపిన దుమ్మేమో అనుకుని తుడిచేశాను. మర్నాడు అదే చోట అంతే కుప్ప. వేలి మీదికి తీసుకుని నలిపితే ముఖానికి రాసుకునే పౌడరులా మెత్తగా ఉంది. బీరువాను వాల్చి కింద దీపం పెట్టి చూస్తే, కాళ్ళను కలిపే అడ్డపట్టీ లోపలి అంచు వెంట గుండుసూది తల అంత రంధ్రాలు వరసగా ఉన్నాయి. అంచులు కొత్తగా తెగిన కర్రలా లేతగా మెరుస్తున్నాయి. అమ్మిన మనిషి ఆ పట్టీకి బయటి వైపు మాత్రం ముదురు పాలిష్ పూసి పంపాడు. పట్టీ మొత్తం తెల్ల కర్ర. చివరికి అడుగు చట్రమంతా మార్పించాల్సి వచ్చింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. రంధ్రాలు ఉన్నాయా లేవా అన్నది కాదు, అవి పాతవా కొత్తవా అన్నది చూస్తాను. లోపల నల్లబడి దుమ్ము నిండిన రంధ్రం ఎప్పుడో ముగిసిన కథ కావచ్చు. లేత రంగు అంచు, కింద మెత్తని పొడి ఉంటే పురుగు ఇంకా పని చేస్తోందని అర్థం. అరచేత్తో గట్టిగా చరిచి, కింద నల్ల కాగితం పరిచి చూస్తే తెలుస్తుంది. ఒక పట్టీకో ఒక కాలికో పరిమితమైతే ఆ ముక్క మార్పించి కొనవచ్చు. ధరలో ఆ ఖర్చు తగ్గించమని అడగడం న్యాయమే. పక్క పలకల్లోనూ తలుపు చట్రంలోనూ ఉంటే వదిలేయండి. ఇంట్లో ఉన్న మిగతా కర్రకు కూడా అది పాకుతుంది.

చెదల లెక్క వేరు. అవి మట్టి గొట్టం కట్టుకుంటూ గోడ వెంట వస్తాయి. బీరువా వెనక, అడుగున ఎండిన మట్టి గీత కనబడితే అక్కడ వేలి కణుపుతో తట్టండి. గట్టి కర్ర టక్‌మంటుంది, తిన్న కర్ర డొల్లగా పలుకుతుంది.

తలుపు, అద్దం, వయసు

తలుపు తెరిచి సగంలో వదిలేయండి. దానంతట అదే మూసుకున్నా, పూర్తిగా తెరుచుకున్నా బీరువా వాలి ఉందనో, మడతబందులు అరిగాయనో అర్థం. రెండు తలుపులు కలిసే చోట పై నుంచి కింది దాకా సందు ఒకేలా ఉండాలి. వేసవిలో చూసినప్పుడు సందు కొంచెం ఎక్కువగా, వానాకాలంలో బిగువుగా ఉండటం కర్ర స్వభావం. ఆగస్టులో బిగిసిన తలుపుకు వెంటనే చిత్రిక పట్టించకండి. జనవరికి అదే తలుపు వదులవుతుంది. అలాగే మే నెలలో పలకలో కనబడే సన్నని పగులును లప్పంతో నింపేయడం తప్పు. వానలకు కర్ర ఉబ్బినప్పుడు ఆ లప్పం లోపల మేకులా పనిచేసి పగులును పెంచుతుంది.

పాత అద్దం పక్కనుంచి చూస్తే నీటి మీద గాలి తగిలినట్టు సన్నని అలలు కనిపిస్తాయి. అక్కడక్కడ చిన్న బుడగ ఉంటుంది. నేడు మనం వాడే సాఫీ అద్దం, కరిగిన గాజును కరిగిన తగరం మీద తేలించి తీసే పద్ధతిది. ఇంగ్లండులో పిల్కింగ్‌టన్ సంస్థ ఆ పద్ధతిని 1959లో లోకానికి ప్రకటించింది. కాబట్టి అలల అద్దం వయసుకు ఒక సాక్ష్యం. అది గాజు కాలక్రమంలో కిందికి జారడం వల్ల వచ్చిందని కొందరు చెబుతారు, నమ్మకండి. తయారీలోనే వచ్చిన తేడా అది. పగిలిన అద్దం స్థానంలో కొత్తది వేయించేటప్పుడు పాతదాని మందమే వేయించాలి. గాజు ప్రతి మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోల బరువు ఉంటుంది. అయిదున్నర అడుగుల తలుపులో మూడు మిల్లీమీటర్ల చోట అయిదు పెడితే దాదాపు నాలుగు కిలోలు పెరిగి, పాత ఇత్తడి బందులు వేలాడిపోతాయి.

వయసు తెలుసుకోవడానికి మరలు చూడండి. కూడిక గుర్తు గాడి ఉన్న మర 1930లలో గానీ లోకంలోకి రాలేదు. నూరేళ్ళ బీరువా అని చెప్పిన దాని బందులన్నిటికీ అవే ఉంటే, కనీసం అక్కడ మరమ్మతు జరిగింది. వెనక ప్లైవుడ్ ఉన్నా అంతే. మరమ్మతు తప్పు కాదు, దాన్ని దాచి ధర చెప్పడమే తప్పు.

ఇప్పుడు ఒక్కో రకం

*నిలువు ఏకాండీ బీరువా.* నేల నుంచి తల దాకా ఒకే పెట్టె, రెండు పొడవాటి అద్దాల తలుపులు. మా తాతది ఇదే. గదిలోకి రాగానే కళ్ళు దాని మీదే పడతాయి. ఎక్కువ పుస్తకాలు పడతాయి, ఒకే తాళంచెవితో అంతా భద్రం. దీని కష్టమంతా తరలింపులోనే. విడదీయడం కుదరదు, ఇరుకు మెట్లు ఎక్కదు. కింది దాకా అద్దం ఉంటుంది కనుక చిన్నపిల్లలున్న ఇంట్లో భయం. పాత అద్దం పగిలితే కత్తుల్లాంటి పెంకులవుతుంది. అద్దం మార్చడం ఇష్టం లేకపోతే కింది గడులకు లోపలి వైపు పారదర్శకమైన పలుచని పొర అంటించాలి.

*రెండు ముక్కల బీరువా.* కింద చెక్క తలుపుల పెట్టె, పైన అద్దాల బీరువా, ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. నా మూడోది ఇది, నా మొగ్గు కూడా దీనివైపే. కింది పెట్టెలో ఇంటి దస్తావేజులు, పాత పత్రికల కట్టలు, పిల్లలకు చూపించనక్కరలేని సామాను పెట్టుకోవచ్చు. పుస్తకాలు రెండున్నర అడుగుల ఎత్తు నుంచి మొదలవుతాయి కనుక వరద నీటికి, పిల్లల బంతికి అందవు. రెండు భాగాలుగా మెట్లెక్కుతుంది. చూడాల్సింది ఒక్కటే, పై భాగం, కింది భాగం పుట్టుకతో ఒక జంటేనా అని. వేర్వేరు చోట్ల దొరికిన రెండు ముక్కలను కలిపి అమ్మడం మామూలే. వెనక పలకల కోత, కర్ర చారలు, అంచు చెక్కడపు గాడి రెండింటిలో కలవాలి. పై ముక్క కూర్చునే చోట కింది పెట్టె నెత్తిన పాలిష్ రంగు వేరుగా, గుర్తు గీసినట్టు ఉండాలి. ఆ గీత ఇప్పటి పై ముక్క అంచుతో సరిపోవాలి.

*అంతస్తుల బీరువా.* ఒక్కో అర ఒక్కో విడి పెట్టె. కావలసినన్ని పెట్టెలు పేర్చి, అడుగున పీట, నెత్తిన మూత పెడతారు. తలుపు పైకెత్తి లోపలికి తోస్తే పుస్తకాల నెత్తి మీదుగా వెనక్కి జారుతుంది. 1890లలో అమెరికాలో పుట్టిన పద్ధతి ఇది. 1899లో గ్లోబ్ సంస్థ వెర్నికీ సంస్థను కలుపుకున్నాక గ్లోబ్ వెర్నికీ పేరు లోకమంతా పాకింది. వకీళ్ళకు ఇది ఎందుకు నచ్చిందో ఊహించవచ్చు. ఊరు మారితే పుస్తకాలు తీయకుండానే పెట్టెలను మోసుకుపోవచ్చు. అద్దె ఇళ్ళు మారేవారికి, పుస్తకాలు ఏటేటా పెరిగేవారికి ఇంతకన్నా అనువైనది లేదు. కొనే ముందు ప్రతి తలుపూ అయిదారు సార్లు ఎత్తి తోయండి. ఒక పక్క ముందు, ఒక పక్క వెనక వస్తుంటే పెట్టె చదరం తప్పింది. గాడి పొడిగా ఉండి రాసుకుంటుంటే మాత్రం కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు. పెట్టెలన్నీ ఒకే తయారీవి కావాలి. అడుగు పీటో, మూతో లేకపోతే సరిపోయేది మళ్ళీ దొరకడం చాలా కష్టం. తలుపు జారే జాగా పోగా పుస్తకానికి మిగిలే ఎత్తు ఎంతో లోపల కొలవాలి, బయట కాదు.

*గోడ అలమారా.* మన పాత ఇళ్ళ మందపాటి మట్టి గోడల్లో, సున్నపు గోడల్లో గూడు వదిలి, టేకు చట్రానికి అద్దాల తలుపులు బిగించేవారు. ఇల్లు కూల్చినప్పుడు ఆ చట్రం, తలుపులు దర్వాజాలతో పాటు పాత కర్ర దుకాణానికి చేరతాయి. కొత్త ఇల్లు కట్టుకునేవారు వాటిని ముందే కొని, గోడలో జాగా వదిలించుకుంటే నేల మీద అంగుళం కూడా పోదు. కట్టిన ఇంట్లో ఇది ఇబ్బంది. ఇప్పటి గోడ మందం తొమ్మిది అంగుళాలు, లోపలి గోడలైతే నాలుగున్నర. గూడు తవ్వడానికి చోటుండదు, చట్రం ముందుకు పొడుచుకొస్తుంది. స్నానాలగదికి ఆనుకున్న గోడలో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టించవద్దు.

*పాత ఉక్కు బీరువా.* చెక్కను ప్రేమించేవారు దీన్ని లెక్కలోకి తీసుకోరు, అది పొరపాటు. మన దేశంలో గోద్రెజ్ 1923 నుంచి ఉక్కు బీరువాలు చేస్తోంది. కార్యాలయాల నుంచి, కళాశాలల నుంచి బయటికి వచ్చిన అద్దాల తలుపుల ఉక్కు బీరువాలు తక్కువ ధరకు దొరుకుతాయి. చెద లేదు, పురుగు లేదు, అర అంత తేలిగ్గా కుంగదు. అడుగున తుప్పు ఒక్కటే శత్రువు. వానాకాలం లోపల చెమ్మ చేరుతుంది కాబట్టి పుస్తకాలను వెనక రేకుకు ఆనించకూడదు. వెయ్యికి పైగా పుస్తకాలుండి, డబ్బు పరిమితంగా ఉంటే నేను దీన్నే కొనమంటాను.

*పాత దూలాలతో కొత్త బీరువా.* ఇది పురాతన వస్తువు కాదు. కానీ కర్ర పురాతనమే. కూల్చిన ఇంటి టేకు దూలాన్ని కోయించి మనకు కావలసిన కొలతలో చేయిస్తే, దశాబ్దాలుగా ఆరిన చేవ మనకు దక్కుతుంది. కొత్తగా నరికిన తోట టేకులో తెల్ల భాగం ఎక్కువ. దూలంలో విరిగిన మేకులుంటే రంపం దెబ్బతింటుంది కనుక కోత మిల్లువారు ముందే చూసుకుంటారు.

| రకం | తరలింపు | పిల్లలున్న ఇల్లు | నీటి ముప్పు | మరమ్మతు | అందం |
|---|---|---|---|---|---|
| ఏకాండీ | చాలా కష్టం | జాగ్రత్త అవసరం | కాళ్ళ ఎత్తును బట్టి | స్థానిక వడ్రంగి చాలు | ఎక్కువ |
| రెండు ముక్కలు | ఫరవాలేదు | మంచిది | తక్కువ | స్థానిక వడ్రంగి చాలు | ఎక్కువ |
| అంతస్తులు | చాలా తేలిక | జాగ్రత్త అవసరం | కింది పెట్టెకు ఉంది | తలుపుల పనికి నేర్పరి కావాలి | ఎక్కువ |
| గోడ అలమారా | కుదరదు | ఎత్తును బట్టి | తక్కువ, గోడ చెమ్మ ముప్పు | తేలిక | ఇంటిని బట్టి |
| ఉక్కు | కష్టం | అద్దం చూసుకోవాలి | తుప్పు | తేలిక, చవక | తక్కువ |
| పాత దూలాలది | మన ఇష్టం | మన ఇష్టం | మన ఇష్టం | తేలిక | వడ్రంగి చేతిని బట్టి |

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉంటూ రెండు మూడేళ్ళకోసారి మారే దంపతులు అంతస్తుల బీరువా కోసం ఓపిక పట్టాలి. అది దొరికే దాకా పుస్తకాలు అట్టపెట్టెల్లో ఉన్నా నష్టం లేదు. తొందరపడి ఏకాండీ కొంటే, ఇల్లు మారిన ప్రతిసారీ ఒక బందో ఒక అద్దమో పోతుంది. సొంత ఇల్లు, పిల్లలు, నాలుగు వందల పుస్తకాలు ఉన్నవారికి రెండు ముక్కలది. ఇంట్లో పెద్దవారు చదువుతుంటే ఇంకో సంగతి గమనించండి. రోజూ చదివే పుస్తకాలు నడుము ఎత్తు నుంచి కంటి ఎత్తు దాకా ఉండాలి, తలుపు ఒంటి చేత్తో తెరుచుకోవాలి. పైకెత్తే తలుపు కీళ్ళనొప్పులున్న చేతులకు భారం. మా మేనత్త అంతస్తుల బీరువాను ఎంతో ఇష్టపడి తెచ్చుకుంది. రెండేళ్ళకే తలుపులన్నీ ఎత్తి లోపలికి తోసేసి, తెరిచే ఉంచుకోవాల్సి వచ్చింది.

తాతల నాటి పుస్తకాలు, చేతిరాత ప్రతులు ఉన్నవారికి బిగువుగా మూసుకునే తలుపు మంచిదనిపిస్తుంది. నిజానికి కొంచెం గాలి ఆడాలి. వెనక పలకల మధ్య సన్నని సందులున్న బీరువా వాటికి మేలు. ఒకటి రెండు వస కొమ్ము ముక్కలో, ఎండిన వేపాకో గుడ్డ మూటలో కట్టి పెట్టండి. కలరా ఉండలు నేరుగా కాగితానికి తగలనివ్వకండి.

పిల్లలు విదేశాల్లో ఉండి, తాత బీరువా తమకు పంపమని అడిగే ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన కళా, పనితనపు వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని నిషేధిస్తుంది. జిట్రేగి కర్రకు అంతర్జాతీయ నియంత్రణలు విడిగా ఉన్నాయి. మాట ఇచ్చే ముందు వయసు, కర్ర రెండూ తేల్చుకోవాలి.

ధర ఎలా తూచాలి

ఆరున్నర అడుగుల ఎత్తు, మూడున్నర వెడల్పు, అడుగు లోతు ఉన్న టేకు బీరువాలో సుమారు అయిదు ఘనపుటడుగుల కర్ర ఉంటుంది. అదే కొత్తగా చేయిస్తే తరుగు కలుపుకుని ఆరు, ఆరున్నర కొనాలి. ఆ రోజు మన బజారులో టేకు ధరతో దాన్ని హెచ్చించి, వడ్రంగి కూలి, అద్దం, పాలిష్ కలిపితే ఒక అంకె వస్తుంది. పాత బీరువా ధర, దాని మరమ్మతు ఖర్చు కలిపి ఆ అంకె లోపే ఉంటే నిశ్చింతగా తీసుకోండి. అంతకు మించితే ఆ పైమొత్తం దేనికి ఇస్తున్నామో మనకు తెలియాలి. చెక్కడానికా, అలల అద్దానికా, పేరున్న తయారీకా? కుటుంబ జ్ఞాపకానికైతే లెక్క వేయనక్కరలేదు.

వెతకడం పాత కర్ర దుకాణాలతో మొదలుపెట్టండి. హైదరాబాదులో జుమేరాత్ బజారు, ముర్గీ చౌక్ చూడదగ్గవి. తమిళనాడులోని కారైకుడిలో చెట్టినాడు ఇళ్ళ కర్ర సామాను అమ్మే వీధే ఉంది, అయితే లారీ కిరాయి ముందే లెక్క వేసుకోవాలి.

పాలిష్ విషయంలో ఒక్క మాట. పాత బీరువాల మీద ఉన్నది ఎక్కువగా లక్కను స్పిరిట్‌లో కరిగించి పూసిన పాలిష్. మూలన స్పిరిట్ చుక్క వేసి దూదితో అద్దితే మెత్తబడి అంటుకుంటుంది. అలాంటి దాన్ని ఉప్పు కాగితంతో గీకించి, పైన మెరిసే కొత్త పూత వేయించకండి. మెత్తని గుడ్డతో తుడిచి, అవసరమైన చోట లక్క పాలిష్ మళ్ళీ అద్దిస్తే ఆ లోతైన రంగు తిరిగి వస్తుంది.

ఇంటికి తెచ్చాక మొదటి పదిహేను రోజులు ఖాళీగా ఉంచండి. గోడకు మూడంగుళాల దూరంలో, పడమటి కిటికీ ఎండ తగలని చోట నిలబెట్టి, కాళ్ళ కింద తెల్ల కాగితాలు పరిచి, పగలు తలుపులు తెరిచి పెట్టండి. రోజూ పొద్దున ఆ కాగితాలు చూడండి. పదిహేనో రోజు కూడా తెల్లగానే ఉంటే, బరువైన పుస్తకాలను కింది అరలో, గోడ వైపు మూలల్లో ముందుగా సర్దడం మొదలుపెట్టవచ్చు.